భీమవరం ఉక్కలో బ్రాండెడ్ బ్యాగులు: సెకండ్ హ్యాండ్‌లో లిమిటెడ్ ఎడిషన్ కొనేవాళ్ళకి నాకు తెలిసినంత

మా బీరువా పై అరలో పట్టుచీరల పక్కన తొమ్మిది హ్యాండ్‌బ్యాగులున్నాయి. ఒక్కటీ షోరూంలో కొన్నది కాదు. ఎవరో కొని, కొన్నాళ్ళు వాడి, విసుగొచ్చి అమ్మేసినవే. అందులో ఆరు లిమిటెడ్ ఎడిషన్‌వి, అంటే కంపెనీ కొంతకాలం చేసి ఆపేసినవి. మావారు రొయ్యల చెరువులు చేస్తారు. రేటు బాగా పడిన పంటకి ఒక బ్యాగు, పడని పంటకి నోరు మూసుకోవడం, ఇదీ మా ఇద్దరి ఒప్పందం. పదకొండేళ్ళ లెక్క ఈ తొమ్మిది.

పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత పెట్టావ్, డూప్లికేట్ కాదని ఎలా తెలుసు? మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఈ గాలిలో అది ఎన్నాళ్ళు బతుకుతుంది? గోదావరి జిల్లాల్లో ఉండి బ్యాగు కొనేవాళ్ళు ముందు అడగాల్సింది అదే. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మన గాలికి ఏది ఆగుతుంది

చుట్టూ కాలవలు, చెరువులు, అటు వెళ్తే సముద్రం. జూన్ నుంచి నవంబరు దాకా మా ఇంట్లో ఉప్పు డబ్బాలో చెంచా దిగదు. ముంబైలోనో ఢిల్లీలోనో ఏసీ గదిలో ఉన్న బ్యాగు ఇక్కడికొచ్చాక ఒక్క వానాకాలంలో బూజు పట్టేస్తుంది. కాబట్టి డిజైన్ కన్నా ముందు దేంతో చేశారో చూడండి.

లూయీ విటాన్ మోనోగ్రామ్ బ్యాగుల్ని, అంటే కంపెనీ పొడి అక్షరాలు, పువ్వులు పదేపదే అచ్చేసినవాటిని, చాలామంది తోలు అనుకుంటారు. కాదు. అది నూలు కాన్వాసు మీద పూత వేసిన గుడ్డ. ఆ మోనోగ్రామ్ 1896 నాటిది. ఆ కాన్వాసు మన తేమకి బాగానే ఆగుతుంది. ఇబ్బందల్లా పిడులు, అంచులతోనే. వాటికి వాడే తోలుని వచెట్టా అంటారు. ఏ పూతా లేని పచ్చి తోలు. కొత్తలో పాలమీగడ రంగులో ఉండి, చేతులు తగిలి, గాలి తగిలి, ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ ఒక్క వానచుక్క పడినా మచ్చ పడిపోతుంది. అదే కంపెనీ డామియే ఎబెన్, అంటే ముదురు గోధుమరంగు గళ్ళది, దాని అంచుల తోలుకి పూత ఉంటుంది. మొదటి బ్యాగు కొనేవాళ్ళకి నేను చెప్పేది అదే.

షనెల్‌లో గొర్రెపిల్ల తోలుది మన ఊళ్ళకి వద్దు. గోరు తగిలినా గీత పడుతుంది, బూజుకైతే విందుభోజనం. గరుకు గరుకుగా గింజలు గింజలుగా ఉండే కేవియర్ తోలుది ఆగుతుంది. అన్నిటికన్నా నిశ్చింత ప్రాడా నైలాన్. కొండచిలువ, మొసలి చర్మాలవి ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. వాటికి సైటిస్ కాగితాలు కావాలి, అంటే అంతరించిపోయే జీవాల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇచ్చే అనుమతులు. ఆ కాగితాలు లేకుండా సరిహద్దు దాటిస్తే వస్తువూ పోతుంది, కేసూ మెడకి చుట్టుకుంటుంది.

ఇంకో ప్రమాదం లోపల దాగుంటుంది. 80లు, 90లలో వచ్చిన పాత బ్యాగుల్లో కొన్నిటికి జేబుల లోపల సింథటిక్ పూత వేసేవారు. తేమలో ఏళ్ళు గడిస్తే అది కరిగి బెల్లంపాకంలా వేలికి అంటుకుంటుంది, తర్వాత పొట్టు పొట్టుగా రాలుతుంది. ఫోటోలో అది కనపడదు. "జేబులో వేలు పెట్టి చూసి చెప్పండి, జిగురుగా ఉందా?" అని అమ్మేవాళ్ళని నేరుగా అడగాలి.

లిమిటెడ్ అన్న ప్రతిదీ లిమిటెడ్ కాదు

అమ్మేవాళ్ళకి ఈ మాట మా ఊళ్ళో "స్పెషల్ బిర్యానీ" బోర్డులాంటిది. ఒక ఉదాహరణ చెప్తాను. జపాన్ చిత్రకారుడు తకాషి మురకామి లూయీ విటాన్‌కి 2003లో మల్టీకలర్ చేశాడు. తెల్లటి గుడ్డ మీదో నల్లటి గుడ్డ మీదో 33 రంగుల్లో మోనోగ్రామ్. దాన్ని లిమిటెడ్ అనే అమ్ముతారు. కానీ అది 2015 దాకా షాపుల్లో దొరికింది. పన్నెండేళ్ళు అమ్మినది అరుదెలా అవుతుంది? అదే మురకామి 2005లో చేసిన చెర్రీపళ్ళ బొమ్మలది, సెరీజ్ అంటారు, కొద్దికాలమే అమ్మారు. రెండూ ఆయన చేసినవే, అయినా వెతికితే ఏది ఎక్కువ దొరుకుతుందో మీకే తెలిసిపోతుంది. పైగా 2025లో కంపెనీ మురకామి బ్యాగుల్ని మళ్ళీ విడుదల చేసింది. ఇప్పుడు పాతదా కొత్తదా అన్న ప్రశ్న కూడా వచ్చిపడింది.

లూయీ విటాన్‌కే 2001లో డిజైనర్ స్టీఫెన్ స్ప్రౌస్ గ్రాఫిటీ (గోడరాతల్లాంటి అక్షరాలు), 2012లో చిత్రకారిణి యాయోయి కుసామా చుక్కలు, 2014లో డిజైనర్ రే కవాకుబో చేసిన చిల్లుల బ్యాగు, ఇలా ఒక్కోదానికీ సంవత్సరం ఉంటుంది. ఆ సంవత్సరం మీకు నోటికి రావాలి. ఎందుకో కిందికి వెళ్తే అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫెండి బగెట్. 1997లో వచ్చింది. చంకలో ఇమిడే చిన్న బ్యాగు. దాన్ని పూసలతో, ఎంబ్రాయిడరీతో లెక్కలేనన్ని రకాలుగా చేశారు. లేసు అల్లే ఇంట్లో పుట్టినదాన్ని కదా, చేతిపని చూస్తే ప్రాణం లేచొస్తుంది. బడ్జెట్ తక్కువైతే కోచ్ కంపెనీ 2018లో అమెరికా చిత్రకారుడు కీత్ హారింగ్ బొమ్మలతో తెచ్చినవి వెతకండి. లూయీ విటాన్ కన్నా బాగా తక్కువకి దొరుకుతాయి, చెయ్యి తిరగడానికి మంచివి.

ఎర్మేస్ బర్కిన్ గురించి అడక్కండి. నటి, గాయని జేన్ బర్కిన్ కోసం చేసిన మొట్టమొదటి బ్యాగు 2025 జులైలో పారిస్ వేలంలో సుమారు 86 లక్షల యూరోలు పలికింది. ఆ వార్త చదివి మావారు కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని "ఎన్ని టన్నుల రొయ్యలే బాబూ" అని లేచి వెళ్ళిపోయారు.

తిరగేసి చూడు

నా మొదటి బ్యాగు డూప్లికేట్. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ దగ్గర కొన్నాను. "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ సిస్టర్" అంది. 28,000 పంపించాను, ఒక్క నిమిషంలో. వచ్చిన బ్యాగు పట్టుకుని నర్సాపురంలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను, గొప్పకి. మా అమ్మ నలభై ఏళ్ళు క్రోషే లేసు అల్లింది. ఆవిడకి లూయీ విటాన్ ఎవరో తెలీదు. బ్యాగు చేతిలోకి తీసుకుని ముందువైపు చూడనే లేదు. తిరగేసింది, అడుగు చూసింది, జిప్పు తీసి లోపలి కుట్టు మీద బొటనవేలు నడిపింది. "ఇదేంటే, ఇక్కడ కుట్టు దగ్గరగా ఉంది, ఇక్కడ దూరం అయిపోయింది. ఈ మూల దారం రెండుసార్లు తిప్పాడు. ఇలా అల్లుకొస్తే మా ఏజెంటు మొహాన కొట్టేవాడు" అంది.

లేసు కొనడానికొచ్చే ఏజెంటు ఎప్పుడూ ముందువైపు చూడడట. పళ్ళెం తిరగేసినట్టు తిరగేసి ముళ్ళు చూస్తాడట. ముందువైపు ఎవరైనా బాగానే చేస్తారు. దొంగ బ్యాగు చేసేవాడు కూడా ఖర్చంతా ఫోటోలో కనపడే వైపే పెడతాడు. ఆ రోజు నుంచి నేను అమ్మేవాళ్ళని ముందువైపు ఫోటో అడగడం మానేశాను. అడుగుభాగం, పిడి తోలులో కలిసేచోటు రెండువైపులా, జిప్పు చివర, లోపలి మూలలు, లోపల ముద్రించిన పేరు దగ్గర్నుంచి, కోడ్ ఉన్న తోలు ముక్క, ఇవి అడుగుతాను. వాటితోపాటు ఓ కాగితం మీద నా పేరు, ఆ రోజు తేదీ రాసి బ్యాగు మీద పెట్టి ఇంకో ఫోటో. వస్తువు చేతిలో లేకుండా ఎక్కడో దొరికిన ఫోటోలు పెట్టి అమ్మేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

కుట్లు లెక్కపెట్టండి. నిజంగానే, వేలు పెట్టి, ఫోటో పెద్దది చేసి. ఎడమ పిడి పట్టీ మీద ఎన్ని కుట్లున్నాయో కుడి పట్టీ మీదా అన్నే ఉండాలి. వరస వంకర పోకూడదు, మూలల్లో దారం గుంపుకట్టకూడదు. లేసు అల్లినవాళ్ళకి, జాకెట్లు కుట్టినవాళ్ళకి ఈ చూపు ఇప్పటికే ఉంది. మన ఆడవాళ్ళు దాన్ని బ్యాగు మీద వాడరు, అంతే.

ఒక్కోసారి తప్పులా కనపడేదే ఒప్పు. లూయీ విటాన్‌లో స్పీడీ అనే మోనోగ్రామ్ బ్యాగుకి ఒకవైపు అక్షరాలు నిలువుగా, రెండోవైపు తలకిందులుగా ఉంటాయి. అడుగున అతుకు లేకుండా ఒకే ముక్క గుడ్డని మడిచి చేస్తారు కాబట్టి రెండోవైపు తిరగబడుతుంది. మా పెద్దత్తగారు చూసి "అయ్యో, అచ్చు తిరగబడిపోయింది, మోసపోయావమ్మా, ఆయ్" అని తెగ బాధపడిపోయారు. ఆ స్పీడీకి రెండువైపులా అక్షరాలు నిటారుగా ఉంటే అప్పుడు అనుమానపడాలి.

ఇక కోడ్ సంగతి. సంవత్సరాలు నోటికి రావాలన్నది దీనికోసమే. లూయీ విటాన్ 80ల నుంచి 2021 మార్చి దాకా బ్యాగుల లోపల ఒక డేట్ కోడ్ కొట్టేది. ఆ తర్వాత నుంచి లోపల చిప్ పెడుతోంది. 1990 నుంచి 2006 దాకా కోడ్‌లో రెండు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు ఉంటాయి. అక్షరాలు ఎక్కడ చేశారో చెప్తాయి. అంకెల్లో మొదటిదీ మూడోదీ కలిపితే నెల, రెండోదీ నాలుగోదీ కలిపితే సంవత్సరం. 0035 అని ఉందనుకోండి. మొదటిది 0, మూడోది 3, అంటే మార్చి. రెండోది 0, నాలుగోది 5, అంటే 2005. 2007 నుంచి నెల బదులు వారం సంఖ్య వేశారు.

రెండేళ్ళ కిందట ఒక సెరీజ్ చెర్రీల బ్యాగు అమ్మకానికి కనపడింది. రంగు బాగుంది, కుట్టు బాగుంది, రేటు కూడా నమ్మేలాగే ఉంది. కోడ్ ఫోటో అడిగాను. అంకెలు 1012. మొదటిదీ మూడోదీ కలిపితే 11, నవంబరు. రెండోదీ నాలుగోదీ కలిపితే 02. చెర్రీలు 2005లో పుడితే ఈ బ్యాగు 2002లోనే ఎలా పుట్టింది? అడిగితే "ఫ్యాక్టరీ మిస్టేక్ అండి" అన్నాడు. సరేనండి, ఉంటానండి అని పెట్టేశాను. అలాగే అక్షరాలు సి, ఎ అని ఉంటే అది స్పెయిన్‌లో చేసింది. పైన ముద్రలో మేడిన్ ఫ్రాన్స్ అని ఉంటే కుదరదు. అయితే ఒక మాట. కోడ్ తప్పైతే బ్యాగు డూప్లికేట్ అని తేలిపోతుంది. కోడ్ సరిగ్గా ఉన్నంతమాత్రాన ఒరిజినల్ అయిపోదు. కోడ్ కొట్టడం దొంగవాడికి పెద్ద పనేం కాదు.

ఇరవై ఏళ్ళ నాటి బ్యాగుకి పిడి తోలు పాలలా తెల్లగా ఉంటే కూడా ఎందుకని అడగండి. వాడకుండా దాచి ఉండొచ్చు, పిడి మార్పించి ఉండొచ్చు, అబద్ధమూ అయి ఉండొచ్చు. పెట్టె, డస్ట్ బ్యాగు, రిబ్బను చూసి మాత్రం మురిసిపోకండి. అవి విడిగా కూడా అమ్ముతారు.

"ఫస్ట్ కాపీ", "మాస్టర్ కాపీ", "సెవెన్ ఏ", ఈ మూడింటికీ అర్థం ఒకటే, డూప్లికేట్. పెద్ద మొత్తమైతే ఎంట్రూపీ లాంటి మైక్రోస్కోపు పరికరంతో పరీక్ష చేయించిన సర్టిఫికెట్ ఇచ్చే షాపులోనే కొనండి. నేను 40,000 దాటితే సర్టిఫికెట్ లేకుండా కొనను.

డబ్బు, కస్టమ్స్

మొదటిసారి కొనే మనిషికి యూపీఐలో మొత్తం పంపొద్దు. పోయాక వెనక్కి రప్పించడం మన వల్ల కాదు. క్రెడిట్ కార్డు తీసుకునే చోట కొంటే వివాదం వేయడానికి దారైనా ఉంటుంది. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి టేపు కోసే దగ్గర్నుంచి వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. మా అబ్బాయి ఫోన్ పట్టుకుంటాడు, నేను కత్తెర పట్టుకుంటాను.

జపాన్ నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ సరుకు బాగుంటుంది. ఎస్, ఎ, ఎబి, బి అని కండిషన్‌కి గ్రేడులిస్తారు, చిన్న గీత ఉన్నా ఫోటో పెడతారు. కానీ విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, దానిమీద ఐజీఎస్టీ కట్టాలి. వాడిన వస్తువు కదా అని మినహాయింపేమీ ఉండదు. కొరియర్ వాళ్ళు ఆధార్ అడుగుతారు. "గిఫ్ట్ అని రాసి పంపేస్తాను" అనేవాళ్ళ మాట వినకండి. ఆ సుంకమంతా కలుపుకున్నాక ఎంతవుతుందో చూసి, అదే బ్యాగు మన దేశంలో అమ్మేవాళ్ళ దగ్గర ఎంతో చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. నా తొమ్మిదింటిలో రెండే బయట నుంచి వచ్చాయి.

కొబ్బరినూనె కథ

సెరీజ్ నాకు చివరికి దొరికింది. పట్టీ ఉన్న బుల్లి బ్యాగు, పొషెట్ అంటారు, 62,000. పిడి పట్టీ లేత తేనె రంగులో, ఒక్క మచ్చ లేకుండా ఉంది. వచ్చిన వారానికే అమలాపురంలో పెళ్ళికి వెళ్ళాల్సొచ్చి, దాన్ని గదిలో వదిలి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి మా అత్తగారు నవ్వుతూ చూపించారు. "తోలు ఎండిపోయినట్టుందమ్మా, కాస్త మెరుపొస్తుందని కొబ్బరినూనె రాశాను." కోనసీమ నూనె, గానుగలో ఆడించింది. పట్టీ సగం వరకు చింతపండు రంగుకి తిరిగింది. నేనేం మాట్లాడలేదు. ఆవిడ ప్రేమతోనే చేశారు, చెప్పులకి అలాగే రాస్తారు.

పచ్చి తోలు నూనెని పీల్చేసుకుంటుంది, తీయడం ఉండదు. మెత్తటి పొడి గుడ్డతో అద్ది, మొక్కజొన్న పిండి చల్లి రెండు రాత్రులు ఉంచాను. పైన ఉన్న నూనె కొంత లాగింది, మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు మిగతా సగం కూడా వాడకంతో ముదురుతోంది కాబట్టి తేడా కొంత తగ్గింది. తోలుకి కొబ్బరినూనె, ఆముదం, వెన్న ఏదీ రాయొద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ముఖ్యంగా పెద్దవాళ్ళకి, పనమ్మాయికి.

దాచే పద్ధతి ఇది. బీరువాలో నేలకి దగ్గరగా ఉన్న అర వద్దు, బాత్‌రూం గోడకి ఆనుకున్న బీరువా అసలే వద్దు. పాలిథిన్ కవర్లో చుట్టొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. డస్ట్ బ్యాగు లేకపోతే తెల్లటి నూలు దిండుగలీబు చాలు. ఆకారం పోకుండా లోపల నింపడానికి న్యూస్‌పేపర్ పెట్టొద్దు, సిరా అంటుతుంది. నేను మా నాన్నగారి పాత పంచెలు ఉతికి, ఎండబెట్టి, ఉండలు చేసి పెడతాను. వాటికన్నా మెత్తటిది ఏ షాపులోనూ దొరకలేదు. రెండు బ్యాగులు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, ఒకదాని రంగు రెండోదానికి దిగుతుంది. గొలుసులుంటే గుడ్డలో చుట్టి లోపల పెట్టండి.

కలరా ఉండలు మాత్రం వద్దు. పట్టుచీర వాసన ఒక వేసవికి పోతుంది, తోలుకి పట్టిన వాసన పోదు. కర్పూరం, సాంబ్రాణి ధూపం కూడా అంతే. సిలికా జెల్ పొట్లాలు తోలుకి తగలకుండా అరలో పెట్టండి. రంగు మారే రకం కొంటే నీలం గులాబీ అవగానే తేమ నిండిందని తెలుస్తుంది. నేను వాటిని ఇనప మూకుడులో సన్నసెగ మీద వేయించి మళ్ళీ వాడతాను. ఆ మూకుడు ఇక వంటకి వాడకూడదు, విడిగా పెట్టేయాలి. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి అరలో పెట్టుకోండి. అది 65 శాతం దాటిందంటే బూజుకి వేళైనట్టే. పదిహేను రోజులకోసారి అన్నీ తీసి గంటసేపు ఫ్యాను కింద ఉంచుతాను. ఎండలో మాత్రం పెట్టను.

బూజు కనపడితే తడిగుడ్డతో రుద్దకండి. వరండాలోకి తీసుకెళ్ళి పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, మిగతా బ్యాగుల పక్కన మళ్ళీ పెట్టేముందు రెండ్రోజులు విడిగా గాలికి ఉంచండి.

అమ్మాల్సొస్తే

చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిన ఏడు నేను ఒక మల్టీకలర్ అమ్మాను. 71,000కి కొన్నది. కమిషన్ పోగా చేతికి 49,000 వచ్చాయి. కొన్నప్పటి బిల్లు, పరీక్ష సర్టిఫికెట్ ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది. బంగారంలా పెరుగుతుందని చెప్పేవాళ్ళు వాళ్ళ బ్యాగు అమ్మి చూడమనండి. వరద మట్టిలా వచ్చింది వచ్చినట్టే పోతుందని తెలిసి, చూసుకుని మురవడానికే కొంటున్నాను. మచ్చలు, గీతలు ఉంటే ముందే ఫోటో తీసి పెట్టండి, కొన్నవాళ్ళు వెనక్కి పంపరు.

అల్పపీడనం అంటున్నారు ఇవాళ. మీటర్ 71 చూపిస్తోంది. మూకుడు పొయ్యి మీద పెట్టాను, పొట్లాలు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి.